ఉప్పు గీత

నేను ఒక పరీక్ష అట్టను. జవాబు కాగితాల కింద పెట్టుకుని రాసుకుంటారే, నెత్తిన ఇనప క్లిప్పుతో ఉంటుంది, అదన్నమాట. ముందుగా మా ఇంటాయన నరసింహం మాస్టారి మీద నాదొక ఫిర్యాదు. ఆయన నన్ను కొన్నది ఒక్క పరీక్ష కోసం. అది అయిపోయాక విశ్రాంతి ఇవ్వకపోగా, నన్ను విసనకర్రని చేశాడు, నల్లబల్లని చేశాడు, వానొస్తే స్కూటరు సీటుకి గొడుగుని చేశాడు. ఇంత చాకిరీ చేయించుకుని, ఎవరైనా నా వంక చూస్తే మాత్రం "అదా? ఏదో పాత అట్ట లెండి" అంటాడు. పేరు పెట్టి పిలవమని నేనడగలేదు. ఆ 'పాత' అన్నమాట లేకపోతే ఏం? ఆయన మాత్రం కొత్తగా ఉన్నాడా?

నా పుట్టుక చెప్పుకోదగ్గదేం కాదు. కర్రల మిల్లులో మిగిలిన పొట్టుని నానబెట్టి, ఉడకబెట్టి, పెద్ద యంత్రం కింద వేసి అణిస్తే పలక అయింది. ఆ పలకని కోస్తే నేనయ్యాను. నా ముఖం నున్నగా ఉంటుంది, వీపు గరుగ్గా ఉంటుంది. రంగు, మాడిన అట్టుకీ కాఫీ పొడికీ మధ్యన. నెత్తిన క్లిప్పు బిగించిన రోజున నాకేదో కిరీటం పెట్టారనుకుని మురిసిపోయాను. ఇతరుల కాగితాలు పట్టుకోవడానికే అని తరవాత తెలిసింది.

అనకాపల్లిలో ఒక పుస్తకాల కొట్లో నన్ను మాస్టారు బేరమాడి మరీ కొన్నాడు. అప్పటికింకా మాస్టారు కాదు, ఎమ్మెస్సీ లెక్కల పరీక్షలకి విశాఖపట్నం వెళ్ళే కుర్రాడు. నాకు చదువు రాదు కానీ ఒక విద్య మాత్రం ఉంది. కాగితం మీద కలం ఎంత నొక్కుతోందో కింద నాకు తెలుస్తుంది గనక, రాసే మనిషి ఎలాంటివాడో ఇట్టే పోల్చుకుంటాను. ఈయన కలం మేకు దిగేసినట్టు దిగేది. అన్ని పరీక్షల్లోనూ ఒక్క కొట్టివేత లేదు. ఈయనకి తప్పు రాయడం చేతకాదు కాబోలని నేను అబ్బురపడ్డాను. చేతకానిది తప్పు రాయడం కాదు, రాసిన తప్పుని కొట్టెయ్యడం. అది తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆయనకి మా ఊళ్ళోనే ఒక కాలేజీలో లెక్చరరు ఉద్యోగం వచ్చింది. ఆ వెనకే పెళ్ళయింది. నూకరత్నం గారు బీయే రెండేళ్ళు పూర్తిచేసి, మూడో ఏటి పుస్తకాలు ట్రంకుపెట్టెలో అడుగున పెట్టుకుని కాపరానికొచ్చింది. ఆఖరి ఏడాది పరీక్షలు నా మీదే రాసింది. హిస్టరీ ఆవిడ సబ్జెక్టు. ఆవిడ కలం నడిచినట్టే ఉండేది కాదు, చీమ పాకినట్టుండేది. జవాబు తోచనప్పుడు కాగితం పక్కకి జరిపి నా మూల మీద చిన్న పువ్వు వేసేది. ఆ పువ్వులు చాలాకాలం ఉన్నాయి. జవాబులు ఎన్నిసార్లు తోచలేదో అవే చెప్పేవి.

బీయే అయ్యాక నన్ను వంటింట్లోకి మార్చారు. నా మీద పోసి జీలకర్రలో రాళ్ళు ఏరారు. పెరుగు గిన్నె మీద బోర్లించారు. కరెంటు పోతే విసురుకున్నారు. క్లిప్పు ఊడదీసి అప్పడాల పొట్లానికి పెట్టారు, మళ్ళీ బిగించారు. డిగ్రీ చదువుకున్న ఇల్లాలికీ, ఎమ్మెస్సీ పరీక్షలు రాసిన అట్టకీ వంటింట్లో ఒకే గౌరవం దక్కింది. ఆవిడా ఈ మాట ఒకసారి పైకే అంది, నన్ను పెరుగు మీద పెడుతూ. అప్పట్నించి ఆవిడంటే నాకు ప్రత్యేకమైన అభిమానం.

వాళ్ళకి ఒక్కతే కూతురు, హైమవతి. హైమ ఇంటర్లో ఎంపీసీ చదివింది. ఆ పిల్ల ఏ గ్రూపు చదువుతుందని ఇంట్లో ఎవరూ ఎవర్నీ అడగలేదు. లెక్కల మాస్టారి ఇంట్లో వేరే గ్రూపు ఉంటుందన్న అనుమానమే ఎవరికీ రాలేదు. లెక్కలు బానే చేసేది కూడా. బానే చేసేది, అంతే. కలం ఆగకుండా సాగేది, ఎక్కడా సంబరపడేది కాదు.

సంబరం రెండో సంవత్సరం దీపావళి ముందు వచ్చింది, అదీ బెల్లం మార్కెట్లో. కొత్తబెల్లానికని తల్లీకూతుళ్ళు వెళ్ళారు. వరసగా పేర్చిన దిమ్మల చుట్టూ తిరుగుతూ వర్తకులు వేలంపాట పాడుతున్నారట. నిన్న బాగా పలికిన బెల్లం, ఇవాళ అంతకంటే మంచిదైనా పలకలేదని ఒక రైతు తల పట్టుకు కూచున్నాడట. ఇంటికొచ్చి నా మీద పెసరపప్పు పోసి ఏరుతూ హైమ తల్లిని వదల్లేదు.

"మంచి బెల్లమే కదమ్మా, మరి ధర ఎందుకు పడిపోయింది?"

"బళ్ళు ఎక్కువొచ్చాయి కదే."

"ధర బావుందని విని అందరూ తెచ్చారు. అందరూ తెచ్చేసరికి ధర పడిపోయింది. అంటే రేపు ఎవరూ తేరు. అప్పుడు మళ్ళీ పెరుగుతుందా? అది ఎక్కడ ఆగుతుంది?"

నూకరత్నం గారు రాయి ఒకటి ఏరి పారేసి, "ఇలాంటివి అడగడానికని వేరే సబ్జెక్టు ఉందే. ఎకనామిక్స్. మా కాలేజీలో ఆ క్లాసు పక్క గదిలో అయ్యేది. నేను హిస్టరీ గదిలో కునుకు తీసేదాన్ని" అంది.

అలా మొదలైంది. నాలుగు చోట్ల వాకబు చేస్తే, విశాఖలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఎకనామిక్స్ డిగ్రీ ఉందనీ, అందులో చేరాలంటే ఇంటర్లో ఆ సబ్జెక్టు పాసై ఉండాలనీ, అందులో వచ్చిన మార్కుల్ని బట్టే సీటిస్తారనీ తెలిసింది. ఉన్న సబ్జెక్టులతో పాటు ఇదొక్కటీ అదనంగా, ప్రైవేటుగా కట్టుకోవచ్చని కూడా తెలిసింది. అప్పటికి పరీక్షలు ఎంతో దూరంలో లేవు. మిగతా పిల్లలకి ఉన్నవి చదవడానికే ఊపిరాడక ఉంటే, ఈ పిల్ల కొత్తది నెత్తికెత్తుకుంటానంది.

మాస్టారు అన్నం కలుపుతూ ఆగిపోయాడు.

"లెక్కలొచ్చిన పిల్లకి ఇదేం గోల? బజారుకెళ్ళి బేరమాడ్డం కూడా ఒక శాస్త్రమేనా?"

"మీరాడే బేరాలు చూస్తే ఎవరూ అనుకోరు లెండి" అంది నూకరత్నం గారు, పులుసు వడ్డిస్తూ.

చివరికి ఒప్పందం కుదిరింది. మార్కులు బాగా వస్తే విశాఖ, ఎకనామిక్స్. రాకపోతే ఊళ్ళోనే బీఎస్సీ, లెక్కలు. ఇంకో మాట మాట్లాడకూడదు. మాస్టారు నవ్వుతూనే ఒప్పుకున్నాడు. గురువు లేకుండా, తరగతి లేకుండా, చివరి నిమిషంలో పట్టుకున్న సబ్జెక్టులో ఏం వస్తాయిలే అని ఆయన ధీమా. ట్యూషను మాటెత్తితే, "నేనింట్లో ఉండగా నా కూతురు ఇంకోచోటికి వెళ్ళి చెప్పించుకోవడమా?" అన్నాడు. ఆయన కాలేజీలోనే ఎకనామిక్స్ చెప్పే సన్యాసినాయుడు గారున్నారు. కానీ ఆ స్టాఫ్ రూములో లెక్కలవాళ్ళు కిటికీ పక్క కూచుంటారు, ఎకనామిక్స్‌వాళ్ళు బీరువా పక్క కూచుంటారు. ఆ కిటికీకీ బీరువాకీ మధ్య దూరం బయటివాళ్ళకి అర్థం కాదు.

కాబట్టి హైమకి గురువు ఒక గైడే. విశాఖలో పాత పుస్తకాల బండి మీద దొరికింది. అట్ట లేదు. ఎవరు అచ్చేశారో చెప్పే మొదటి పేజీ కూడా లేదు. హైమ దాన్ని నా మీద ఆనించుకుని, వంటింటి గడపలో కూచుని చదివేది. చదివింది చదివినట్టు తల్లికి అప్పజెప్పేది. ఆవిడ కూర తరుగుతూ వినేది. ఆ ఇంట్లో అన్ని సూత్రాలూ ఆవిడ దగ్గర పరీక్షకి నిలబడవలసి వచ్చేది.

"ఒక వస్తువు తింటున్నకొద్దీ, తరవాతి దాని మీద మోజు తగ్గుతుందమ్మా. క్షీణోపాంత ప్రయోజన సూత్రం."

"మీ నాన్నకి బొబ్బట్లు పెట్టి చూద్దాం."

చూశారు. మాస్టారు నాలుగోదాన్నీ మొదటిదాన్ని తిన్నంత ప్రేమగానే తిని, "ఇంకా ఉన్నాయా?" అన్నాడు. తల్లీకూతుళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, ఎందుకు నవ్వుతున్నారో ఆయనకి చెప్పలేదు.

"ఇతర పరిస్థితులు మారకుండా ఉన్నప్పుడు, ధర పెరిగితే గిరాకీ తగ్గుతుందమ్మా."

"ఇతర పరిస్థితులు మారకుండా ఉండే ఇల్లు ఎక్కడుందో ఆ గైడులో రాశాడేమో చూడవే. అద్దెకి పోదాం."

నేను మాత్రం ఒకటి గమనించాను. హైమ కలం మారింది. కాగితం మీద పరుగెత్తేది, ఠక్కున ఆగేది, మళ్ళీ పరుగెత్తేది. లెక్కలు చేసేటప్పుడు నాకెప్పుడూ తగలని గుండెచప్పుడొకటి ఆ కలంలో తగిలింది.

ఇందులో గ్రాఫులున్నాయని తెలిశాక మాస్టారు కూడా మెత్తబడ్డాడు. గ్రాఫు కనిపిస్తే ఆయన ఆగలేడు. చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉంటుంది, నా వీపు గరుకు. ఇంకేం కావాలి? సాయంత్రం కాఫీ తాగుతూ నన్ను ఒళ్ళో బోర్లా వేసుకుని అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసి, మధ్యలో ఏటవాలు గీతలు గీయించేవాడు. గైడులో లెక్కల పట్టిక ఒకటి తప్పు అచ్చయిందని కనిపెట్టింది కూడా ఆయనే. కూడిక తప్పు. హైమ రెండు రోజులు కుస్తీపట్టినా తేలనిది ఆయన కాఫీ చల్లారేలోపు తేల్చేశాడు. "చూశావా? అచ్చులో ఉన్నదల్లా నిజం కాదు" అన్నాడు. ఆ రోజున హైమ కళ్ళలో తండ్రి మీద గౌరవం పొంగింది. తరవాత వచ్చిన చిక్కంతా ఆ గౌరవంతోనే.

ఉప్పు దగ్గరికొచ్చేసరికి చిక్కు బయటపడింది.

ఉప్పు ధర పెరిగినా, తగ్గినా ఇంటికి కావలసినంతే కొంటాం. ధర తగ్గింది కదా అని ఎవరూ పప్పులో రెండింతలు వేసుకోరు. గిరాకీ అలా కదలకుండా ఉంటే గీత ఎలా ఉంటుందో గైడులో బొమ్మ ఉంది. గీత నిటారుగా నిలబడి ఉంది. మాస్టారు చూసి నొసలు ముడిచాడు.

"ఇది పడుకోవాలి."

"పుస్తకంలో నిలబడి ఉంది నాన్నా."

"అందుకే చెప్తున్నాను. ఇక్కడ ముందు మారేది ఏది? ధర. దాన్నిబట్టి మారేది ఎంత కొంటామన్నది. ముందు మారేదాన్ని అడ్డగీత మీద వెయ్యాలి, దాన్నిబట్టి మారేదాన్ని నిలువుగీత మీద వెయ్యాలి. తొమ్మిదో తరగతి పిల్లాణ్ణి అడుగు. వీడు ధర తీసుకెళ్ళి నిలువుగీత మీద పెట్టాడు. గీతలు తారుమారు చేసి అచ్చేశాడమ్మా!"

ఇన్నాళ్ళూ ఇద్దరూ చెరో పద్ధతిలో గీస్తున్నారు, ఎవరికీ తెలియలేదు. ఏటవాలు గీతలు ఎటునుంచి వేసినా అటే వాలతాయి మరి. ఉప్పు ఒక్కటే నిజం బయటపెట్టింది. గైడు ప్రకారం ఉప్పు గీత నిలబడుతుంది, మాస్టారి ప్రకారం పడుకుంటుంది. ఆయన సుద్దముక్కతో నా వీపు మీద ఆ గీతని శుభ్రంగా పడుకోబెట్టాడు.

ఆయన బయటికెళ్ళాక నూకరత్నం గారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"ఏమిటే ఆ గొడవ?"

"కాఫీ పొడి ధర ఎంత పెరిగినా నాన్న కాఫీలు తగ్గవు కదమ్మా. అలాంటి వాటి గీత నిలబడాలా, పడుకోవాలా అని."

"మీ నాన్న గీతా? దానికింత చర్చెందుకు?" అని ఆవిడ బాల్‌పెన్ను తీసుకుని, నా నున్నటి ముఖం మీద నొక్కి ఒక నిలువుగీత గీసింది. "ఇదిగో. వంగదు, వాలదు."

ఆ గీత ఇప్పటికీ నా మీద ఉంది. సిరా పోయింది, గాడి ఉంది.

పరీక్షలు దగ్గరపడ్డాయి. మాస్టారికి ఈ అచ్చుతప్పు సంగతి పదిమందికీ చెప్పకుండా ఉండడం కష్టమైపోయింది. ఒకరోజు పొద్దున్న నా వీపు మీద రెండు బొమ్మలూ పక్కపక్కన వేసి, "ఇవాళ ఇది సన్యాసినాయుడికి చూపిస్తాను. ఇలాంటి పుస్తకాలు పట్టుకుని వాళ్ళ పిల్లలు ఎలా పాసవుతున్నారో అడుగుతాను" అని నన్ను స్కూటరు ముందు నిలబెట్టుకుని కాలేజీకి తీసుకెళ్ళాడు. చాలా ఏళ్ళకి మళ్ళీ ఊరు చూశాను. మాస్టారు దారంతా ఈల వేశాడు.

స్టాఫ్ రూములో కిటికీ పక్కనుంచి బీరువా పక్కకి ఆయనే నడిచి వెళ్ళాడు. నాయుడు గారు టీ గ్లాసు కింద పెట్టి, కళ్ళజోడు సవరించుకుని నన్ను చూశాడు.

"ఏటి మాస్టారూ, ఇటు దయచేశారు!"

"ఇందులో ఏది తప్పో చెప్పండి చూద్దాం."

"లెక్క ప్రకారం మీరు పడుకోబెట్టిందే ఒప్పండి" అన్నాడు నాయుడు గారు. మాస్టారి ఛాతీ నాకు తగిలేంత పొంగింది. "కానీ మా శాస్త్రంలో ధర నిలువుగీత మీదే వేస్తామండి. మొదట గీసిన పెద్దలు అలాగ గీసీసేరు. ఆ వెనక వచ్చినవాళ్ళం అందరం అలాగే గీస్తున్నాం. అన్ని పుస్తకాల్లోనూ అంతేనండి."

"అన్నిట్లోనా?"

నాయుడు గారు బీరువా తీసి ఒకదాని వెనక ఒకటి తెరిచి చూపించాడు. లావువి, సన్నవి, ఇంగ్లీషువి, తెలుగువి. అన్నిట్లోనూ ఉప్పు గీత నిటారుగా నిలబడి మాస్టారి వంక చూసింది.

"మరి పరీక్షలో ఇలా గీస్తే? ఊరికే అడుగుతున్నాను."

"దిద్దేవాడు సున్నా చుడతాడండి. నా చేతికొస్తే నేనూ అంతే. ఈ బొమ్మ తప్పకుండా అడుగుతారు కూడానూ. ఏం మాస్టారూ, మనవాళ్ళెవరైనా రాస్తున్నారా?"

అప్పుడు మా మాస్టారు ఏమన్నాడో ఈ చెవుల్లేని ఒంటితో విన్నాను. "అబ్బే. నాకు తెలుసు లెండి. మీరేమంటారో పరీక్షిద్దామని" అన్నాడు.

బయటికొచ్చి, స్కూటరు పక్కన నిలబడి, జేబురుమాలుతో నా వీపు రెండుసార్లు తుడిచాడు. తిరిగొచ్చేటప్పుడు ఈల లేదు.

గుమ్మంలోనే హైమ ఎదురొచ్చింది. "నాయుడు సారు ఏమన్నారు నాన్నా?"

"ఆయన సెలవు" అన్నాడు మాస్టారు, చెప్పులు విప్పుతూ.

నోరు లేకపోవడం ఎంత కష్టమో నాకు ఆ రోజున తెలిసింది. ఆ ఇంట్లో నిజం తెలిసినది నేనొక్కదాన్నే, నన్ను మళ్ళీ పెరుగు మీద పెట్టారు.

ఆయన చెప్పాలనే అనుకున్నాడు. అది నేను ఒప్పుకుంటాను. పుస్తకం పట్టుకు కూచున్న కూతురి చుట్టూ రెండుసార్లు తిరిగి, "అమ్మా" అనేవాడు. "ఏంటి నాన్నా?" అంటే, "ఫ్యాను పెంచనా?" అనేవాడు. ఇంకోసారి, "గైడుని మరీ అంత తీసిపారెయ్యక్కర్లేదులే" అన్నాడు. హైమ నవ్వి, "నువ్వేగా చెప్పావు, అచ్చులో ఉన్నదల్లా నిజం కాదని!" అంది. ఆయన మళ్ళీ ఫ్యాను పెంచాడు. పాతికేళ్ళుగా నల్లబల్ల ముందు నిలబడి ఒక్కసారీ 'నేను పొరబడ్డాను' అని ఉండని నోరు. ఆ మాటకి అది తిరగడం లేదు.

నిజం దాగలేదు. దాన్ని కూరగాయల బజార్లో నాయుడు గారి భార్య నూకరత్నం గారి చేతిలో పెట్టింది, గుత్తివంకాయలతో పాటు. "మీవారు మావారికి పరీక్ష పెట్టేరట కదండీ! ఉప్పు గీత పడుకుంటాదా, నిలబడతాదా అని. ఏటి నవ్వేరో మావారు!"

నూకరత్నం గారు ఇంటికొచ్చి సంచి దించి, నేరుగా భర్త దగ్గరికెళ్ళింది.

"నాయుడు గారు ఆ రోజు సెలవా అండీ?"

మాస్టారు పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పేపరు వెనకనుంచే, "నువ్వు చెప్పెయ్యి దానికి. ఏదో మాటల్లో అన్నట్టు" అన్నాడు.

"నాది హిస్టరీ అండీ. జరిగినవాటి గురించి చెప్తాను కానీ, గీతల గురించి నాకేం తెలుసు?"

"అది నా మాట నమ్మి అలాగే గీస్తే?"

"అలాగే గీస్తుంది. నేనడిగాను" అంది నూకరత్నం గారు. "'నాన్న గైడులో తప్పు నా కళ్ళముందే పట్టాడమ్మా, నాన్న చెప్పినట్టే గీస్తాను' అంది."

"మరి చెప్పెయ్యరాదూ!"

"నేను చెప్తే, 'మీ నాన్నకి తెలిసి కూడా నీకు చెప్పలేదే' అని కూడా చెప్పాలి. మీరు చెప్తే ఆ రెండోది అక్కర్లేదు. చూసుకోండి."

అని వంటింట్లోకొచ్చి, కిరోసిన్ గుడ్డ తీసుకుని నన్ను రుద్దడం మొదలుపెట్టింది. అట్ట మీద రాతలుంటే కాపీ అని హాల్లో లాక్కుంటారు. తన పాత పువ్వులన్నీ తనే తుడిచేసుకుంది. నిలువుగీత దగ్గర కొంచెం ఎక్కువ రుద్దింది. సిరా పోయి గాడి మిగిలితే, "గీతే కదా, అక్షరం కాదు" అని వదిలేసింది.

ఎకనామిక్స్ పరీక్ష రోజు పొద్దున్న నూకరత్నం గారు ఇస్త్రీ చీర కట్టుకుని తయారైంది. లెక్కల పరీక్షకి రాలేదు, ఫిజిక్స్‌కి రాలేదు. "నువ్వెందుకు?" అన్నాడు మాస్టారు. "అందరి అమ్మలూ వస్తారు" అందావిడ. ఒకవేళ ఈయన నోరు పెగలకపోతే గేటు దగ్గర తనే చెప్పాలని ఆవిడ ఉద్దేశం. ఆ సంగతి ఆయనకీ అర్థమైంది. స్కూటరు మీద ముగ్గురూ, హైమ ఒళ్ళో నేను. మాస్టారు బండి ఎంత నెమ్మదిగా నడిపాడంటే సైకిళ్ళు దాటుకుపోయాయి.

పరీక్ష పెట్టిన హైస్కూలు గేటు ముందు తిరనాళ్ళలా ఉంది. మాస్టారి కాలేజీ పిల్లలు గుంపుగా నిలబడి, "నమస్తే సార్, మీరేంటి సార్ ఈ పరీక్షకి?" అన్నారు. టీ బడ్డీ దగ్గర సన్యాసినాయుడు గారు తన పిల్లలకి ఏవో ఆఖరి మాటలు చెబుతున్నాడు. మాస్టారిని చూసి చెయ్యెత్తాడు. మాస్టారు చెయ్యెత్తలేదు. ఆయన కళ్ళు హైమ మీదా, నా మీదా ఉన్నాయి.

"వెళ్ళొస్తా నాన్నా" అంది హైమ.

"మంచిది. పెన్నులున్నాయా?"

"ఉన్నాయి."

"గడియారం?"

"ఉంది నాన్నా."

"సరే మరి."

హైమ లోపలికి నడిచింది. నేను ఆ పిల్ల చంకలో, ముఖం వెనక్కి తిరిగి ఉన్నాను గనక ఇద్దర్నీ చూడగలిగాను. నూకరత్నం గారు చీర కొంగు దోపుకుని ఒక అడుగు ముందుకేసింది. మాస్టారు ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆపి, తను గేటు ఊచలు పట్టుకున్నాడు. గంట మోగింది. వాచ్‌మన్ గేటు తోయడం మొదలుపెట్టాడు.

"హైమా!"

హైమ వెనక్కి తిరిగింది.

"ఆ ఉప్పుది... గైడులో ఉన్నది కూడా ఒక పద్ధతేనమ్మా!"

"ఏంటి నాన్నా? వినపడట్లేదు!"

"గైడుదీ... అదే, అలా గీసినా ఫరవాలేదంటున్నాను!"

"నేను నువ్వు చెప్పినట్టే గీస్తాను నాన్నా, కంగారుపడకు!" అని చెయ్యూపి, మళ్ళీ మెట్లవైపు తిరిగింది.

గేటు మూసుకుంది. మాస్టారు ఒక్కసారి టీ బడ్డీ వైపు చూశాడు. తన కాలేజీ పిల్లల వైపు చూశాడు. భార్య మొహం మాత్రం చూడలేదు. ఎమ్మెస్సీ పరీక్షల్లో కూడా ఒక్క కొట్టివేత లేని మనిషి, రెండు ఊచల మధ్య మొహం దూర్చి, క్లాసులో ఆఖరి బెంచీకి వినపడేలా అరిచే ఆ గొంతుతో అరిచాడు. గేటు బయట గోలంతా ఆగిపోయింది.

"అలా గియ్యకు తల్లీ! ఉప్పు గీత నిలబడాలి! గైడు ఒప్పు, నేను చెప్పిందే తప్పు!"